కొబ్బరి పేరున బతికే ఊరు అంబాజీపేట



కురిడీ పాతది, గండేరా వెయ్యి ఇంత. గటగట వెయ్యి ఇంత. నీటికాయ పాతది, ముక్కుడికాయ వెయ్యి ఇంత. కొత్తది, పచ్చికాయ వెయ్యి ఇంత. కొత్తకొబ్బరి క్వింటాలు ఇంత.

పేపర్లో వాణిజ్యం పేజీ మూలన కనిపించే ఈ కొద్ది ధరల వరుసలు బయటి ఊళ్ళవారికి అర్థం కావు. కోనసీమలో మాత్రం పదెకరాల ఆసామి దగ్గర్నుంచి అరెకరం దొడ్డి ఉన్నవాళ్ళ దాకా ముందు చూసేది వాటినే. ఇంటికి సున్నం వేయించాలన్నా, పిల్లాడి కాలేజీ ఫీజు కట్టాలన్నా, ఆడపిల్లకి సారె పెట్టాలన్నా ఆ అంకెలు చూసుకునే నిర్ణయం. ఆ ధరలు పలికే ఊరు అంబాజీపేట. అమలాపురం నుంచి పి.గన్నవరం వెళ్ళే దారిలో, చూడ్డానికి చిన్న ఊరు. బస్సు దిగితే కొబ్బరి రాశులు, లారీలు, పీచు వాసన. పెద్ద కోట లేదు, రాజుల మేడలు లేవు. అయినా ఒక పంటను నమ్ముకుని ఒక ఊరు ఎలా ఎదుగుతుందో, ఆ పంట చుట్టూ ఎలాంటి కట్టడాలు, ఎలాంటి పండగలు, ఎలాంటి విద్య పుడతాయో చూడాలంటే మన తెలుగునాట దీన్ని మించిన చోటు నాకు కనిపించదు.

ముందు నీళ్ళ సంగతి చెప్పుకోవాలి. గౌతమికి, వశిష్ఠకి మధ్య ఉన్న నేల కోనసీమ. వశిష్ఠ నుంచి గన్నవరం దగ్గర ఇంకో పాయ చీలి, ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. అది వైనతేయ. చుట్టూ ఇంత నది ఉన్నా, 1850కి ముందు వేసవి వస్తే ఇక్కడ పొలానికి నీరు లేదు. వరదొస్తే ముంపు, వరద పోతే ఎండ. 1833 నాటి కరువు గోదావరి జిల్లాను ఎలా ఊడ్చేసిందో ఆ కాలపు దొరల రిపోర్టులే చెబుతాయి. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఇంజనీరు ఆర్థర్ కాటన్ గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట ముగించాడు. మధ్య డెల్టాకు వచ్చే నీరు బొబ్బర్లంక దగ్గర బయల్దేరి, లొల్ల లాకుల దగ్గర చీలి, అమలాపురం వైపు, గన్నవరం వైపు సాగింది.

గన్నవరం దాకా వచ్చిన కాలువకు వైనతేయ అడ్డొచ్చింది. అవతల ఒడ్డున నగరం లంక. అంటే ఇప్పటి మామిడికుదురు, రాజోలు, మలికిపురం వైపు నేల. ఆ నేలకు నీరు ఎలా ఇవ్వాలి? నదిని దాటించాలి. హేగ్ అనే కుర్ర ఇంజనీరు చేతికి ఆ పని అప్పజెప్పారు. నది అడ్డంగా నలభైకి పైగా కమానులు కట్టి, రెండువేల రెండు వందల అడుగుల పైచిలుకు పొడవున, నది మీదుగా కాలువను నడిపించారు. కింద నది, సముద్రానికి పోయే పెద్ద పాయ. పైన పొలాలకు పోయే కాలువ. ఆ రోజుల్లో సిమెంటు లేదు, యంత్రాలు లేవు. సున్నం, రాయి, ఇటుక, వేల మంది కూలీల చేతులు. ఆ కూలీల పేర్లు ఎక్కడా రాసి లేవు. హేగ్ పేరు మాత్రం ఉంది. ఈ మాట చెప్పకుండా ముందుకు పోవడం నాకు ఇష్టం లేదు.

ఆ కాలువ నీరు వచ్చాక నేల కింద ఊట నిలిచింది. కొబ్బరి చెట్టుకు కావలసింది అదే. నిల్వ నీరు పనికిరాదు, ఎండిన నేలా పనికిరాదు. అడుగున తడి ఆడుతూ ఉండాలి. వరి చేలకు పెట్టిన నీరు గట్ల మీద కొబ్బరిని పోషించింది. వరితో తిండి, కొబ్బరితో రొక్కం. కోనసీమ రైతు లెక్క నూట డెబ్భై ఏళ్ళుగా ఇదే.

నది మీది ఆ పాత కాలువ వంతెనకు, అంటే అక్విడెక్టుకు, వయసు మీరాక పక్కనే కొత్తది కట్టారు. దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. సీతమ్మగారిది మండపేట పుట్టిల్లు, లంకల గన్నవరం అత్తిల్లు. 1841లో పుట్టి 1909లో వెళ్ళిపోయారు. గోదావరి పాయలు దాటుకుంటూ అంతర్వేది తీర్థానికో, పెళ్ళికో, కోర్టు పనికో పోయేవాళ్ళకు ఆ రోజుల్లో హోటళ్ళు లేవు. రేవులో పడవ తప్పితే రాత్రంతా ఒడ్డునే. అలాంటివారు అర్ధరాత్రి తలుపు తట్టినా లేచి పొయ్యి వెలిగించి, కులం అడక్కుండా అన్నం పెట్టిన ఇల్లాలు ఆవిడ. ఏడో ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక ఉత్సవానికి ఆవిడ ఫొటో కావాలని ఇంగ్లండు నుంచి కబురొచ్చిందంటే ఆ పేరు ఎంత దూరం పోయిందో చూడండి. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టింది. నీరు మోసే వంతెనకు అన్నం పెట్టిన తల్లి పేరు పెట్టిన ఆ ఆలోచన ఎవరిదో గాని, వారికి దణ్ణం పెట్టాలి.

ఇక చెట్టు దగ్గరకు వద్దాం.

కొబ్బరి తోటలో పని రెండు నెలలకోసారి వస్తుంది. దాన్ని దింపు అంటారు. దింపు కార్మికుడు నడుముకు కత్తి దోపుకుని, కాళ్ళకు బందం వేసుకుని, అరవై డెబ్భై అడుగుల చెట్టు నిమిషాల్లో ఎక్కుతాడు. ఏ గెల ముదిరిందో ఏది ముదరలేదో కిందనుంచి మనకు తెలీదు, అతను గోటితో కొట్టి చెబుతాడు. ఎండు మట్టలు కొట్టి, డొక్కులు దులిపి, చెట్టు మొవ్వు చూసి దిగుతాడు. కొమ్ము పురుగు పడిందా, ఎర్రముక్కు పురుగు తొలిచిందా అన్నది రైతుకు మొదట తెలిసేది అతని నోటి వెంటే. అంటే తోటకు వైద్యుడు కూడా అతనే. ఒక్కసారి చెయ్యి జారితే ఇంక ఆ కుటుంబం సంగతి చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఆ పనిలోకి కుర్రాళ్ళు రావడం లేదు. వాళ్ళను తప్పు పట్టలేం. అంత ప్రమాదానికి, ఆ కూలికి, వానాకాలంలో పని లేని రోజులకు లెక్క సరిపోదు.

దింపిన కాయ రాశిగా పోస్తారు. తరవాత వలుపు. నేలలో గునపం పాతి, దాని మొనకు కాయను గుచ్చి, మూడు తిప్పుళ్ళలో డొక్క ఊడదీస్తారు. రోజుకు వేల కాయలు వలిచే చేతులు అంబాజీపేట చుట్టూ ఉన్నాయి. డొక్క పీచు మిల్లుకు పోతుంది. ఆకు ఈనెలు చీపుర్లకు పోతాయి. చిప్ప పొయ్యిలోకో బొగ్గుకో పోతుంది. చెట్టులో పారేసేది ఏమీ లేదని చిన్నప్పుడు పాఠాల్లో చదువుకున్నాం. ఇక్కడ ఆ మాటకు ఒక్కో ముక్కకు ఒక్కో కుటుంబం ఉంది, ఒక్కో కూలి రేటు ఉంది.

అన్నింటికన్నా నాకు అబ్బురం అనిపించేది కురిడీ. బాగా ముదిరిన కాయను డొక్కతోనే అటక మీద పోసి వదిలేస్తారు. ఎనిమిది నెలలు, పది నెలలు, ఒక్కోసారి ఏడాది. లోపల నీరు మెల్లగా ఇగిరిపోతుంది. కొబ్బరి చిప్ప నుంచి విడిపోతుంది. కాయను ఊపితే లోపల గుండు ఆడుతుంది. అప్పుడు డొక్క తీసి, చిప్ప పగలగొట్టి, గుండ్రంగా, చెక్కుచెదరకుండా ఎండుకొబ్బరి గుండు బయటికి తీస్తారు. పగిలితే ధర పడిపోతుంది. అందుకే ఆ చిప్ప కొట్టే పని అందరికీ రాదు. ఎండలో ఆరబెట్టే కొబ్బరి వేరు, ఇది వేరు. ఇందులో కాలమే ప్రధానం. పాత మండువా లోగిళ్ళకు అంత బలమైన అటకలు ఎందుకు వేసేవారో ఇప్పుడు అర్థమైంది కదండీ. పడకగదికీ వంటింటికీ పైన ఏడాది సంపాదన పండుతూ ఉండేది. ధర లేనప్పుడు కాయ అమ్మక అటకెక్కించడం, ధర వచ్చినప్పుడు దించడం. బ్యాంకులు రాకముందు కోనసీమ రైతు దాచుకున్న తీరు అది.

ఆ కురిడీ లారీలెక్కి గుజరాత్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, బీహార్ పోతుంది. అక్కడ పెళ్ళిళ్ళలో, వ్రతాల్లో, మిఠాయిల్లో అది లేకుండా జరగదు. ఉత్తరాదిన దీపావళికీ పెళ్ళిళ్ళకూ గిరాకీ పెరిగితే అంబాజీపేటలో ధర లేస్తుంది. కేరళలోనూ తమిళనాడులోనూ కాయ విరగకాస్తే ఇక్కడ పడుతుంది. కేంద్రం ఏటా మద్దతు ధర ప్రకటిస్తుంది. 2025 సీజనుకు కురిడీకి క్వింటాలుకు 12,100 రూపాయలు, మిల్లు కొబ్బరికి 11,582 రూపాయలు అన్నారు. ఆ ఏడాది బజారు ధర దాన్ని ఎప్పుడో దాటిపోయింది, కాయ దొరక్క వ్యాపారులే తోటల వెంట తిరిగారు. అలాంటి ఏడు మళ్ళీ మళ్ళీ రాదు. మద్దతు ధర ఎప్పుడు గుర్తొస్తుందంటే, వెయ్యి కాయ అమ్మితే దింపు కూలి, వలుపు కూలి పోగా చేతిలో ఏమీ మిగలని ఏడాదిలో.

అంబాజీపేటలో తప్పక చూడాల్సిన ఇంకో చోటు ఉంది. ఉద్యాన పరిశోధన స్థానం. ఇప్పుడు వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం కింద ఉంది. అక్కడ పుట్టిన కొబ్బరి రకాల పేర్లు వినండి. గోదావరి గంగ. గౌతమి గంగ. వశిష్ఠ గంగ. వైనతేయ గంగ. అభయ గంగ. చాలావాటికి నదుల పేర్లే పెట్టుకున్నారు. అన్నింటికీ చివర ఆ గంగ ఎందుకంటే, ఈ రకాలన్నీ గంగబొండం సంతానం. గంగబొండం పొట్టి చెట్టు. కాయ బొప్పాయిలా పొడుగ్గా ఉంటుంది, నీరు తియ్యన. మన ఊళ్ళ పొడుగు రకానికి, అంటే ఈస్ట్ కోస్ట్ టాల్‌కు, దీన్ని సంకరం చేసి గోదావరి గంగ తీశారు. పొడుగు రకం కాపుకు రావాలంటే ఆరేడేళ్ళు పడుతుంది. ఇది నాలుగేళ్ళకే కాస్తుంది. నాలుగేళ్ళకూ ఏడేళ్ళకూ తేడా ఎంతో కాగితం మీద తెలీదు. తుపానుకు తోట పోయినవాడికి తెలుస్తుంది.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఉన్నవారెవరూ ఆ రాత్రిని మరిచిపోరు. కాకినాడకు దక్షిణాన తుపాను తీరం దాటింది. వెయ్యి మందికి పైగా పోయారు. తెల్లారి చూస్తే కొబ్బరి తోటలు లేవు. కొన్ని చెట్లు వేళ్ళతో లేచాయి, కొన్ని నడుముకు విరిగాయి, కొన్నిటికి మొవ్వు మెలితిరిగి మొండిమాను నిలబడింది. వరి పోతే మళ్ళీ సార్వాకు వేసుకోవచ్చు. కొబ్బరి పోతే, ఆనాడు మొక్క నాటిన తండ్రి ఫలం చూడ్డానికి పిల్లాడి పదో తరగతి అయిపోవాలి. ఆ మధ్య ఏళ్ళలో ఎన్ని కుటుంబాలు హైదరాబాదుకూ గల్ఫుకూ వెళ్ళిపోయాయో, ఈ ప్రాంతంలో ఏ వీధిలో అడిగినా చెబుతారు. ఆ తోటలు మళ్ళీ లేచాయంటే మొక్క పెంచి ఇచ్చినవారి ఓపిక, దాన్ని నాటినవారి మొండితనం.

తరవాతి దెబ్బ గాలి రూపంలో రాలేదు. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి దగ్గర సర్పిలాకార తెల్లదోమ బయటపడింది. అది మన తోటల్లోకీ చేరింది. ఆకు అడుగున చుట్టలు చుట్టలుగా గుడ్లు పెడుతుంది. అది విసర్జించే తీపి జిగురు కింది ఆకుల మీద పడి మసిలా నల్లగా బూజు పడుతుంది. తోటంతా పొయ్యి పొగ పట్టినట్టు కనిపిస్తుంది. కంగారుపడి మందు కొట్టినవాళ్ళు నష్టపోయారు. ఎందుకంటే ఈ దోమను లోపల్నుంచి తినే ఎన్కార్సియా అనే చిన్న పరాన్నజీవి ఉంది. మందు కొడితే ముందు చచ్చేది అదే. అంబాజీపేట శాస్త్రవేత్తలు రైతులకు నచ్చజెప్పింది అదే మాట. మందు ఆపండి, నీళ్ళు గట్టిగా చిమ్మి ఆకు కడగండి, ఇసారియా అనే శిలీంధ్రాన్ని చల్లండి, దోమ శత్రువును బతకనివ్వండి. పురుగును చంపడం కన్నా పురుగును తినేదాన్ని కాపాడటం కష్టం, చూపించుకునేందుకు అందులో ఏమీ ఉండదు. అందుకే ఆ పరిశోధన స్థానం మీద నాకు గౌరవం.

రాజోలు వైపు ఇంకో బాధ ఉంది. శంకరగుప్తం మేజర్ డ్రెయిన్ వెంబడి 2025లో చూసినవారికి తెలుసు. తల లేని మాన్లు బారులు తీరి నిలబడ్డాయి. పోటు మీద సముద్రపు ఉప్పునీరు డ్రెయిను పట్టుకుని పైకి వస్తుంది. పూడిక తియ్యక, గట్లు సరిలేక తిరిగి పోదు. వేళ్ళు కుళ్ళి చెట్టు నిలువునా చనిపోతుంది. కాటన్ కాలువలు నీళ్ళు తెచ్చాయని చెప్పుకున్నాం. తెచ్చిన నీరు బయటికి పోయే దారి కూడా అంతే ముఖ్యం. సాగునీటి కాలువకు శంకుస్థాపనలు ఉంటాయి గాని, మురుగు కాలువ పూడిక తీతకు ఎవరూ కొబ్బరికాయ కొట్టరు.

ఇప్పుడు పండగ. అంబాజీపేటకు ఆనుకుని మొసలపల్లి దగ్గర జగ్గన్నతోట ఉంది. అక్కడ గుడి లేదు. కొబ్బరి తోట, అంతే. కనుమ నాడు చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ శివుళ్ళు, ఏకాదశ రుద్రులు, ఆ తోటలో కలుసుకుంటారు. వ్యాఘ్రేశ్వరం, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పాలగుమ్మి, పుల్లేటికుర్రు, గంగలకుర్రు, ఇలా ఊరూరి నుంచి ప్రభలు వస్తాయి. వెదురుతో కట్టి, రంగురంగుల కొత్త బట్టలు చుట్టిన ప్రభలను కుర్రాళ్ళు భుజాన వేసుకుని, అశ్శరభ శరభ అంటూ పరుగెత్తుతారు. దారి రోడ్డు కాదు, పచ్చటి చేలు. ఆ చేలు తొక్కితే రైతు కోప్పడడు, దేవుడు తన పొలంలోంచి నడిచాడని సంతోషిస్తాడు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలకు కౌశిక కాలువ అడ్డొస్తుంది. పీకల్లోతు నీళ్ళల్లో దిగి, ప్రభ తడవకుండా, ఒరగకుండా ఎత్తిపట్టి అవతలికి చేరుస్తారు. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కర్తవ్యపథంలో మన రాష్ట్ర శకటం ఈ ప్రభల తీర్థమే. దేశం చూసింది. మనలో చాలామందికి మాత్రం జగ్గన్నతోట ఎక్కడో ఇంకా తెలీదు.

ఇలాగే ఒక పంటను నమ్ముకున్న చిన్న ఊరు ఫ్రాన్సులో బోర్డో దగ్గర ఉంది, పేరు సెయింట్ ఎమిలియన్. ద్రాక్ష తోటలు, ద్రాక్ష సారాయి. రాతిని తొలిచి భూమి లోపల కట్టిన పాత చర్చి ఉంది అక్కడ. 1999లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది. అక్కడి చర్చిని ఒక్కదాన్నే పెట్టలేదు. చుట్టూ ఉన్న పల్లెలను, ద్రాక్ష తోటలను, పండించే పద్ధతిని కలిపి ఒక్కటిగా పెట్టింది. పండించేవాళ్ళు లేకపోతే ఆ ఊరికి అర్థం లేదని వారు గ్రహించారు. ఆ సీసా ఎక్కడికి పోయినా దాని మీద ఊరి పేరు ఉంటుంది. ఆ పేరు ఇంకొకడు పెట్టుకుంటే చట్టం ఊరుకోదు.

మన కురిడీ గుజరాత్ చేరేసరికి ఊరి పేరు పోతుంది. కోనసీమ అన్న మాట ఎక్కడా ఉండదు. అలా జరగనక్కర్లేదని చెప్పడానికి మనకు దగ్గరి ఊరే సాక్ష్యం. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దరఖాస్తు పెట్టింది పెద్ద కంపెనీ కాదు, సర్ ఆర్థర్ కాటన్ ఆత్రేయపురం పూతరేకుల తయారీదారుల సంక్షేమ సంఘం. తయారుచేసేవాళ్ళే కలిసి సంఘం కట్టుకున్నారు. కురిడీకి ఆ పని ఎందుకు చెయ్యకూడదు? అటక మీద ఏడాది ఉంచే ఈ పద్ధతికి చెప్పుకోవడానికి కథ ఉంది, నిరూపించడానికి బజారు ఉంది, పరీక్షించడానికి పక్కనే పరిశోధన స్థానం ఉంది. కావలసింది రైతులూ వ్యాపారులూ ఒక బల్ల చుట్టూ కూర్చోవడం.

అలాగే గన్నవరం పాత కమానులు. ధవళేశ్వరం ఆనకట్టకు 2022లో అంతర్జాతీయ సాగునీటి సంఘం వారసత్వ గుర్తింపు వచ్చింది. దాని నుంచి బయల్దేరిన నీటిని నది మీదుగా దాటించిన కట్టడం కూడా ఆ కోవలోదే. దాని దగ్గర తెలుగులో ఒక బోర్డు పెట్టి, ఎప్పుడు కట్టారో, ఎందుకు కట్టారో, ఎన్ని ఊళ్ళకు నీరు ఇచ్చిందో రాస్తే బడి పిల్లలను తీసుకెళ్ళి చూపించవచ్చు. దీనికి కోట్లు అక్కర్లేదు.

మరో మాట రైతు సోదరులకు. మీ తోటలో దింపు తీసే మనిషికి ప్రమాద బీమా ఉందా అని ఈసారి దింపు రోజున అడగండి. కొబ్బరి అభివృద్ధి బోర్డు చెట్టెక్కే కార్మికుల కోసం కేర సురక్ష అనే బీమా పథకం నడుపుతోంది. చాలామందికి దాని పేరు కూడా తెలీదు. చదువు రానివారైతే ఫారం మీరు నింపండి, వాళ్ళ వాటా ప్రీమియం కూడా మీరే కట్టినా మీకు పోయేది పెద్దగా ఉండదు. వివరాలు మీ మండల ఉద్యాన అధికారి దగ్గర అడిగి తెలుసుకోవచ్చు.